కూలి తీర్చాకే దానం

కథోలిక విచారణల్లో, అంటే ఒక్కో గుడి పరిధిలోని విశ్వాసుల సమాజాల్లో, గృహస్థులకు, అంటే గురువులూ సిస్టర్లూ కాని మామూలు విశ్వాసులకు, అప్పగించే పనులేమిటని తెలుగు నేల మీద ఏ ఊళ్లో అడిగినా దాదాపు ఒకే జవాబు వస్తుంది. ఆదివారం పూజ తర్వాత కానుకల డబ్బు లెక్కపెట్టడం, పండుగకు గుడి అలంకరించడం, ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలంలో సిలువ మార్గం నడిపించడం, క్రిస్మస్‌కు ముందు చీరలు, దుప్పట్లు పంచడం. మఠాలకు దగ్గరగా మసిలేవాళ్లకు ఇంకో రెండు పనులు తోడవుతాయి. సిస్టర్లు నడిపే వైద్య శిబిరంలో పేర్లు రాసుకోవాలి, హాస్టలు పిల్లలకు దాతలను వెతికిపెట్టాలి. ఇవన్నీ నేనూ చేశాను, ఇప్పటికీ చేస్తున్నాను. వీటిలో ఏదీ చిన్న పని అనను. అయితే గృహస్థురాలిగా నా పిలుపు ఇంతటితో సరి అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. మఠ సమాజంతో కలిసి నడిచే గృహస్థులు అన్నిటికంటే ముందు చూడవలసింది, ఎవరికి ఏది న్యాయంగా రావాలో అది వాళ్ల చేతికి అందుతోందా లేదా అన్నది. ఆ చూడడం కూడా ఎక్కడో దూరాన కాక, ఆ మఠం వంటగది నుంచే మొదలుకావాలి.

నేను లెక్కలు రాసి బతికే మనిషిని. గుంటూరు జిల్లాలో ఒక సిస్టర్ల సమాజానికి చాలా ఏళ్లుగా సహచర సభ్యురాలిని. వ్రతాలు పట్టలేదు. పెళ్లి, పిల్లలు, ఉద్యోగం, బ్యాంకు అప్పు అన్నీ ఉన్నాయి. నెలనెలా వారితో కలిసి ప్రార్థనలో కూర్చుంటాను, వారి సేవలో పాలు పంచుకుంటాను, ఏడాదికోసారి గుడిలో అందరి ముందూ నా మాటను మళ్లీ ఇస్తాను. ఆ సమాజం పేరు ఇక్కడ రాయను. నేను చెప్పబోయేది ఒక్క మఠానికి చెందిన సంగతి అయితే అసలు రాసేదాన్నే కాదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మార్గమేమీ కాదు. 1833లో పారిస్ నగరంలో జరిగింది చూడండి. అంతకు ముందు ఏడాదే కలరా ఆ ఊళ్లో వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఫ్రెడెరిక్ ఒజనామ్ అనే ఇరవై ఏళ్ల న్యాయశాస్త్ర విద్యార్థి, తోటి విద్యార్థుల చర్చల్లో క్రైస్తవం లోకానికి చేసిన మేలు గురించి గట్టిగా వాదించేవాడు. అవతలి పక్షం వాళ్లు ఒకసారి సూటిగా అడిగారు, గతం సరే, ఇప్పుడు మీరు చేస్తున్నదేమిటని. ఆ ప్రశ్నకు జవాబుగా అతనూ కొద్దిమంది మిత్రులూ ఆ ఏప్రిల్‌లో ఒక సంఘంగా కూడారు. పేదల ఇళ్లకు వెళ్దామనుకున్నారు. కానీ ఏ తలుపు తట్టాలి? తట్టాక ఏం మాట్లాడాలి? చదువుకున్న ఆ కుర్రవాళ్లకు అది తెలియదు. తెలిసిన మనిషి సిస్టర్ రోజలీ రాందూ. పునీత విన్సెంట్ డీ పాల్, లూయిస్ ద మారియాక్ 1633లో స్థాపించిన సమాజానికి చెందిన ఆమె, నగరంలోని అతి బీద పేటల్లో ఒకటైన మూఫ్తార్‌లో అప్పటికే మూడు దశాబ్దాలుగా ఉంటోంది. ఎవరింట్లో పొయ్యి వెలగడం లేదో, ఎవరింట్లో మగమనిషికి పని పోయిందో ఆమెకు తెలుసు. కుర్రవాళ్లకు ఇళ్ల గుర్తులు చెప్పింది, రొట్టెకు, బొగ్గుకు చీటీలు ఇచ్చింది, పేదవాడి గుమ్మంలో ఎలా నిలబడాలో నేర్పింది.

మన విచారణల్లో విన్సెంట్ డీ పాల్ సభ తెలియనివారు అరుదు. వారం వారం కూర్చుని, ఎవరికి బియ్యం కావాలి, ఎవరికి మందులు కావాలి అని చూసే ఆ సభ పుట్టింది అలాగే. అయితే ఒజనామ్ కథను అక్కడితో ఆపేస్తే అతనికి అన్యాయం చేసినట్టే. కొన్నేళ్లకు లియోన్ నగరంలో వాణిజ్య న్యాయశాస్త్రం బోధిస్తూ అతను కూలి గురించి మాట్లాడాడు. కూలి అనేది మనిషి బతకడానికి, పిల్లలను చదివించుకోవడానికి, ముసలితనంలో నిలదొక్కుకోవడానికి సరిపోయేదిగా ఉండాలన్నాడు. పదమూడో లియో పాపుగారు కార్మికుల స్థితి మీద 1891లో వెలువరించిన లేఖకు అది యాభై ఏళ్ల ముందుమాట. ఫ్రాన్సులో 1848 విప్లవం వచ్చినప్పుడు అతను ఎన్నికల్లో నిలబడ్డాడు, ఓడిపోయాడు, మిత్రులతో కలిసి పత్రిక నడిపాడు. సిస్టర్ రోజలీ ఈ పనులేవీ చేయగలిగేది కాదు. ఫ్రాన్సులో ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చిందే 1944లో. అలాగని ఆమె లేకపోతే ఒజనామ్‌కు ఆ తలుపులే తెరుచుకునేవి కావు. నేను పదే పదే చెప్పేది ఈ ఇద్దరి కలయిక గురించే. మఠం పేదవాడి ఇంటి దారి చూపిస్తుంది. అక్కడ కంట పడినదాన్ని చట్టం దాకా, జీతం దాకా, ఓటు దాకా తీసుకెళ్లవలసింది గృహస్థులు.

ఇక మా హాస్టలు సంగతి.

పల్లెల నుంచి వచ్చి చదువుకునే ఆడపిల్లల హాస్టలు అది. అక్కడి వంటమనిషి వయసులో ఉన్నప్పుడు చేరింది, ఇప్పుడు మనవరాలు ఉంది. తెల్లవారుజామున పొయ్యి వెలిగిస్తే రాత్రి గిన్నెలు బోర్లించేదాకా ఆమె అక్కడే. సిస్టర్లకు ఆమె అంటే నిజంగా ప్రాణం. ఆమె పిల్లల ఫీజులు తగ్గించారు, కూతురి పెళ్లికి బంగారం కొనడానికి సాయం చేశారు, మోకాళ్లు వాచి మంచాన పడితే ఆసుపత్రి ఖర్చంతా పెట్టుకున్నారు. ఎవరైనా అడిగితే “మన ఇంటి మనిషే” అనేవారు.

ఒక ఏడాది ఆడిట్‌కు ముందు లెక్కలు సర్దిపెట్టమని సిస్టర్లు నన్ను అడిగారు. ఖర్చుల పుస్తకంలో ఆమె జీతం ఎక్కడుందని వెతికితే కూరగాయలు, గ్యాసు, నూనెల మధ్య, వంటగది ఖర్చుల్లో కనిపించింది. ఆ మొత్తం ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం కంటే బాగా తక్కువ. జీతాల రిజిస్టరులో పేరు లేదు. భవిష్య నిధి (పీఎఫ్) లేదు. ఆమె మోకాళ్ల వైద్యానికి పెట్టిన డబ్బు మాత్రం వేరే పేజీలో, ధర్మకార్యాలు అనే పద్దు కింద, చక్కటి దస్తూరీతో రాసి ఉంది.

ఆ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను. ఆమెకు రావలసిన జీతంలో ఏళ్ల తరబడి ఇవ్వకుండా మిగిలిన డబ్బు ఎంతో సుమారుగా లెక్క వేశాను. ధర్మకార్యాల పద్దులో ఆమె పేర ఉన్నదంతా కలిపినా ఆ మొత్తంలో చిన్న భాగమే అయింది. అంటే ఆమె సొమ్ములోంచే కొంత తీసి ఆమెకు దానం చేశాం. దానికి ఆమె చేతులు జోడించి కృతజ్ఞత చెప్పింది. మేము వినయంగా తల ఊపాం.

ప్రపంచంలోని కథోలిక బిషపులు కూడిన రెండో వాటికన్ మహాసభ 1965 నవంబరులో గృహస్థుల ప్రేషిత సేవ మీద, అంటే లోకంలో వారు చేయవలసిన క్రీస్తు పని మీద, ఒక పత్రం వెలువరించింది. న్యాయంగా చెల్లించవలసినదాన్ని ప్రేమ కానుకగా ఇవ్వకూడదని, ముందు న్యాయం తీర్చాలని అందులో ఎనిమిదో అంశం చెబుతుంది. 1971లో రోములో జరిగిన బిషపుల మహాసభ మరో అడుగు వేసింది. న్యాయం గురించి లోకానికి చెప్పబూనేవారు ముందు లోకం కళ్లకు న్యాయవంతులుగా కనిపించాలని, శ్రీసభలో, అంటే చర్చిలో, పనిచేసేవారికి బతకడానికి తగిన ఆదాయం, సామాజిక భద్రత ఉండాలని స్పష్టంగా రాసింది. ఇవి వామపక్షాల కరపత్రాలు కావు, శ్రీసభ అధికారిక బోధనలు. ఈ పత్రాలను నేను చదివింది ఆ సిస్టర్లు పెట్టిన తరగతుల్లోనే. ఆ పత్రాల పుస్తకాన్నీ ఈ ఖర్చుల పుస్తకాన్నీ కలిపి వారి ముందు పెట్టాను.

ఆ మాట వాళ్లకు రుచించిందని చెప్పను. పెద్ద సిస్టర్ గారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మేమూ జీతం తీసుకోవడం లేదు కదమ్మా, ఈ ఇంట్లో అందరం త్యాగం చేస్తున్నవాళ్లమే” అన్నారు. ఆమె ఆ మాట నిజాయితీగానే అన్నారు. రెండు జతల బట్టలతో, పాత చెప్పులతో బతికే మనిషి ఆమె. నేను అన్నాను, “పేదరిక వ్రతం పట్టింది మీరు సిస్టర్ గారూ, ఆమె పట్టలేదు.” మీకు జబ్బు చేస్తే సమాజం చూస్తుంది, ముసలితనంలో మీకో గది, ఒక కంచం, పక్కన కూర్చుని జపమాల చెప్పే తోటి సిస్టర్లు ఉంటారు, ఆమెకు ఉండేది ఆమె దాచుకున్నదే అని కూడా అన్నాను. గదిలో ఉన్న చిన్న సిస్టరొకరు తల వంచుకుని, “నిజమే” అన్నారు. తన తల్లి కూడా కూలి మనిషేనని ఆ తర్వాత ఆ చిన్న సిస్టరు నాతో విడిగా చెప్పారు.

హాస్టలు చిన్నది, పనిచేసేది నలుగురైదుగురు, భవిష్య నిధి చట్టం ఇరవై మంది ఉన్న సంస్థలకే గదా అన్న మాట కూడా వచ్చింది. హాస్టలూ బడీ ఆసుపత్రీ ఒకే సొసైటీ పేర నడుస్తున్నాయి, బడిలో టీచర్లకు నిధి కడుతూనే ఉన్నాం, వంటింటి దగ్గరకు వచ్చేసరికి సంస్థ చిన్నదైపోతుందా అని అడిగాను. ఒకటి రెండు సమావేశాల్లో తేలిన విషయం కాదు ఇది. హాస్టలు పిల్లల ఫీజు పెంచడానికి వీల్లేదని నేనే పట్టుపట్టాను, ఎందుకంటే ఒక పేద ఆడమనిషి జీతాన్ని ఇంకో పేద ఆడపిల్ల మీద రుద్దడం నాకు సమ్మతం కాదు. చివరకు ప్రాంగణంలో కట్టదలచిన కొత్త ముఖద్వారం పని ఆపారు. వంటమనిషికి, ఊడ్చే ఇద్దరికి, రాత్రి కాపలా తాతకు జీతాలు కనీస వేతనానికి చేర్చారు, రిజిస్టరులో పేర్లు ఎక్కించారు, నిధి ఖాతాలు తెరిచారు. క్రిస్మస్ చీర కూడా ఆగలేదు, అది ఇప్పుడు నిజంగా కానుకే.

వంటమనిషిలో వచ్చిన మార్పు నేను ఎదురుచూసినది కాదు. పెరిగిన డబ్బు గురించి ఆమె పెద్దగా మాట్లాడలేదు. బ్యాంకు ఖాతా మాత్రం మొగుడి పేరు కలపకుండా తన ఒక్కదాని పేరనే ఉండాలని అడిగింది. ఆ తర్వాత ఒక నెలలో, “ఆదివారం మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారు, నేను రాను సిస్టర్ గారూ” అంది. రావచ్చా మానవచ్చా అని అడగలేదు, రానని చెప్పింది. అన్నేళ్లలో అలా చెప్పడం అదే మొదటిసారి అని సిస్టర్లే నాతో అన్నారు. మేలు చేసినవాళ్లకు కాదనడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు ఆ ఒక్క మాట విలువ తెలుస్తుంది.

ఇదంతా విని, భక్తి గల మా బంధువులు కొందరు నన్ను మందలిస్తారు. ప్రార్థన చేసుకోవడానికి వెళ్లి జీతాల గొడవ పెట్టుకున్నావేమిటి, అది యూనియన్ల పని అంటారు. వాళ్లు ప్రతి సాయంత్రం సిస్టర్లు చెప్పుకునే ప్రార్థన ఒకసారి వినాలి. సంధ్యా ప్రార్థనలో రోజూ మరియమ్మ పాడిన కీర్తన వస్తుంది. దేవుడు అధిపతులను ఆసనాల మీది నుంచి దించాడని, దీనులను లేవనెత్తాడని, ఆకలిగొన్నవారిని తృప్తిపరచి ధనవంతులను వట్టి చేతులతో పంపాడని ఆ తల్లి పాడింది. యాకోబు లేఖ ఐదో అధ్యాయం, పొలం కోసినవారికి ఎగ్గొట్టిన కూలి తానే మొరపెడుతోందని, ఆ మొర ప్రభువు చెవిన పడిందని అంటుంది. రోజూ ఈ మాటలు పలికే ఇంట్లో జీతాల పుస్తకం తెరవడాన్ని ప్రార్థనకు అడ్డు అంటే ఎలా?

గృహస్థుల నిబద్ధత ఎంతలే, వ్రతాలు లేవు, కష్టం వస్తే ఇంటికి వెళ్లిపోతారు అనేవాళ్లూ ఉన్నారు. వారికి నేను జీన్ డొనోవన్ గురించి చెబుతాను. అమెరికాలో ఒక పెద్ద లెక్కల సంస్థలో మంచి ఉద్యోగం చేసిన అమ్మాయి. దాన్ని వదిలి క్లీవ్‌లాండ్ మేత్రాసనం (ఒక బిషపు పాలనలోని ప్రాంతం) తరఫున మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ వెళ్లి, అక్కడ ఉర్సులైన్ సమాజానికి చెందిన సిస్టర్ డొరతీ కేజెల్‌తో కలిసి యుద్ధం తరిమేసిన కుటుంబాలకు తిండి, ఆశ్రయం చూసింది. పేదల పక్షాన మాట్లాడిన అక్కడి ఆర్చిబిషప్ రొమేరోను 1980 మార్చిలో గుడి బలిపీఠం ముందే కాల్చి చంపాక, వెనక్కి వచ్చేయమని అయినవాళ్లు బతిమాలారు. ఏ వ్రతమూ ఆమెను కట్టిపడేయలేదు, టికెట్టు కొనుక్కుంటే చాలు. ఆ కుటుంబాల పిల్లలను వదలలేక ఉండిపోయింది. 1980 డిసెంబరు 2న విమానాశ్రయం నుంచి మేరీనోల్ సమాజానికి చెందిన ఇద్దరు సిస్టర్లు, మౌరా క్లార్క్‌నూ ఈటా ఫోర్డ్‌నూ తీసుకొస్తుండగా నేషనల్ గార్డు సైనికులు నలుగురినీ అడ్డగించి చంపేశారు. జీన్‌కు అప్పటికి ఇరవై ఏడేళ్లు. లెక్కల మనిషిని కాబట్టి కాబోలు, ఆమె పేరు తలచుకున్నప్పుడల్లా నాకు వెన్ను నిటారవుతుంది.

మాకు అంతటి ప్రమాదం లేదు. మాకున్న బలమూ బలహీనతా వేరు. సిస్టర్లకు కొన్నేళ్లకోసారి బదిలీ తప్పదు. ఒక సిస్టరు మూడు వీధుల ఆడవాళ్లను కూడగట్టి, వాళ్ల నమ్మకం సంపాదించేసరికి ఇంకో జిల్లాకు వెళ్లమని ఉత్తరం వస్తుంది. ఊళ్లో మిగిలేది మేము. ఏ మేస్త్రీ ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో, పోయిన ఏడాది తహసీల్దారు ఏం మాట ఇచ్చాడో గుర్తుండేది మాకే. మరోవైపు మాకు పిల్లల పరీక్షలు, అత్తగారి జబ్బు, నెలాఖరు లెక్కలు. అలసిపోతాం, మానేస్తాం. అప్పుడు పట్టు వదలకుండా ఆ ఇంటి తలుపు తెరిచి ఉంచేది సిస్టర్లు.

గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గర ఇది బాగా కనబడింది. వేసవి ముందు నెలల్లో ఆ పని ముమ్మరంగా సాగుతుంది. చేతులు మండిపోతాయి, ఇంటికి వెళ్లి చంటిబిడ్డను ఎత్తుకోవడానికి భయపడతారు, ఎన్నిసార్లు కడిగినా ఘాటు వదలదు. కూలి రోజు లెక్కన కాక, తీసిన కాయల తూకం మీద ఇస్తారు. తూచేది మేస్త్రీ, రాసేది మేస్త్రీ. సిస్టర్లు సాయంత్రాలు ఆ కాలనీకి వెళ్లి కూర్చోబట్టి ఆ ఆడవాళ్లు మాతో మనసు విప్పారు. మేము వాళ్లకు తలా ఒక చిన్న నోటు పుస్తకం ఇచ్చి, రోజువారీ తూకం తమ చేత్తో రాసుకోవడం అలవాటు చేశాం. రాయడం రానివాళ్లకు బడికెళ్లే కూతుళ్లు రాసిపెట్టారు. వారం చివర రెండు లెక్కలకూ పొంతన కుదరనప్పుడు ఆ పుస్తకాలు పట్టుకుని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లింది గృహస్థులమే. సిస్టర్ల దుస్తులు కనిపిస్తే చాలు, మాట మతమార్పిడి మీదికి మళ్లించే మనుషులు ఈ రోజుల్లో ప్రతిచోటా ఉన్నారు. తూకం గురించి అడిగినప్పుడు మాట తూకం మీదే నిలవాలి, అందుకని మేము ముందు నడిచాం.

కులం గురించి రాయకుండా ఈ వ్యాసం ముగిస్తే అది నిజాయితీ అనిపించుకోదు. మాది దళిత కథోలిక కుటుంబం. మా చేతిలో ఉండేది బీసీ-సీ ధ్రువపత్రం, ఒక్క శాతం రిజర్వేషను. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా దళితులలో క్రైస్తవులను షెడ్యూల్డ్ కులాల జాబితా బయట ఉంచింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు, మాకు తెరవలేదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లో ఒకసారి, 2023లో మరోసారి మాకూ ఆ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. ఇది రాజ్యం చేసిన అన్యాయం. శ్రీసభ లోపలి అన్యాయం ఇంకొకటుంది. బాప్తిస్మం ఒకటే, బల్ల ఒకటే అంటూనే కొన్ని ఊళ్లలో సమాధుల దొడ్డిని వేరు చేసుకున్నాం, సంబంధాల దగ్గర కులం అడుగుతున్నాం. భారత కథోలిక బిషపుల సమాఖ్య 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత సాధికారత విధానంలో ఈ వివక్ష మనలో ఉందని ఒప్పుకుంది. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు పాపుగారిని ఎన్నుకునే పెద్దల్లో ఒకరిగా, అంటే కార్డినల్‌గా అయినప్పుడు, ఆ గౌరవం పొందిన మొదటి దళితుడని మా వాడల్లో టపాకాయలు కాల్చారు. నాకూ కళ్లు చెమర్చాయి. కానీ మఠాల్లో ఎవరు వంటింటి బాధ్యతల్లో మిగులుతున్నారు, ఎవరు పై చదువులకు వెళ్తున్నారు, ఎవరు మఠం పెద్దలు (సుపీరియర్లు) అవుతున్నారు అని అడగడం ఆ సంబరంతో ముగియకూడదు.

అంబేద్కరిస్టు మిత్రులు నన్ను అడుగుతారు, ఇంత తెలిసీ అక్కడెందుకు ఉన్నావని. వాళ్ల కోపం సబబైనదే. మా నాయనమ్మకు అక్షరాలు నేర్పింది సిస్టర్ల బడి కాబట్టి రుణపడి ఉన్నానని వాళ్లు అనుకుంటారు. నాకు ఆ రుణభావం లేదు. ఆ బడి గోడలకు మట్టి మోసింది మా తాతలు, ఆ గుడి గంట కొన్నది మా వాడ ఆడవాళ్లు పిడికెడు బియ్యం చొప్పున కూడబెట్టిన డబ్బుతో. అది నాకు ఎవరో పెట్టిన భిక్ష కాదు గనుక వదిలి వెళ్లవలసిన అవసరమూ నాకు లేదు. నా వాటా ఉన్న ఇంట్లో లెక్క అడుగుతున్నాను.

ఇప్పుడు మా ముందున్నది బడి బస్సుల సంగతి. డ్రైవర్లు, ఆయాలు ఒక ఏజెన్సీ ద్వారా వస్తున్నారు. ఏజెన్సీకి మనం కట్టేది ఎంతో మా పుస్తకాల్లో ఉంది, వాళ్ల చేతికి అందేది ఎంతో లేదు. ఆయాల్లో ఒకరిని అడిగితే చెప్పడానికి భయపడింది. ఏజెన్సీతో ఒప్పందం కొత్తగా రాసుకునేటప్పుడు జీతాల పట్టీ చూపించాలన్న షరతు పెట్టమని సహచర సభ్యులం కలిసి సంతకాలు చేసి, ఈ ప్రాంతంలోని సిస్టర్ల మఠాలన్నిటికీ పెద్ద అయిన ప్రొవిన్షియల్ గారికి ఇచ్చాం. ఆ కాగితం మీద మొదటి సంతకం, తన తల్లి కూడా కూలి మనిషేనని నాతో చెప్పిన ఆ చిన్న సిస్టరుది. సహచర సభ్యుల కాగితం మీద ఆమె సంతకం చేయవచ్చా అని ఎవరో అడిగారు. చేసేశానుగా, అన్నారామె. ప్రొవిన్షియల్ గారి జవాబు ఇంకా రాలేదు. ఒప్పందం గడువు మే నెలాఖరుకు ముగుస్తుంది.